గ్లెనిస్ కొలత

ఓట్స్ జావ గిన్నెలు బండి మీద సర్దుతూ గ్లెనిస్ మళ్ళీ గుండెలతో బండి కడ్డీని గుద్దుకుంది. నొప్పి పుట్టలేదు. పుట్టడానికి అక్కడ ఒళ్ళు లేదు, బియ్యం ఉన్నాయి. పాత మేజోళ్ళ పాదాలు కత్తిరించి, వాటిలో కొలిచిన బియ్యం పోసి, మూతి ముడివేసి, ఆ రెండు మూటలనూ కొత్త బ్రాలో పెట్టుకుని పొద్దున్నే పనిలోకి వచ్చేసింది ఆవిడ.

కెయిన్స్ నగరంలో సర్జను ఆవిడ ఛాతీ వెడల్పు కొలిచి, చర్మాన్ని వేళ్ళతో లాగి చూసి, రొమ్ముల్లో పెట్టే సిలికాన్ సంచులు ఈ ఒంటికి రెండు సైజుల్లో నప్పుతాయన్నాడు. ఒకటి రెండువందల యాభై మిల్లీలీటర్లది, రెండోది మూడువందల యాభైది. ఏది పెట్టాలో మీరే చెప్పండి అన్నాడు. ఇంట్లో అంతే కొలత బియ్యం పెట్టుకుని తిరిగి చూడమని నర్సు సలహా ఇచ్చింది. అందరూ అద్దం ముందు కాసేపు నిలబడి చూసుకుంటారట. గ్లెనిస్ అద్దాన్ని నమ్మే మనిషి కాదు. వంటింట్లో, ఆవిరిలో, బరువులెత్తే చోట నిలవని వస్తువు అద్దంలో ఎంత బాగుంటే ఏం లాభం? నిన్న చిన్నది పెట్టుకు వచ్చింది. ఇవాళ పెద్దది. మధ్యాహ్నం నర్సు ఫోన్ చేస్తుంది. అప్పుడు చెప్పిందే ఖాయం.

ఇన్నిస్‌ఫెయిల్ అనే చిన్న ఊళ్ళో, ఒక వృద్ధాశ్రమంలో వడ్డించడం, గిన్నెలు కడగడం గ్లెనిస్ పని. వయసు యాభై నాలుగు. పొడుగాటి ఎముకల మనిషి, మోచేతుల దాకా పొయ్యి కాలిన మచ్చలు, నెత్తిన జాలీటోపీ. ఛాతీ మాత్రం గోడ. స్కూల్లో పిల్లలు "ఇస్త్రీబల్ల" అని పేరు పెడితే ఊరంతా అదే పిలిచింది. మొగుడు నెవిల్ కూడా స్నేహితుల ముందు మాంసం కాలుస్తూ, "బల్లని కట్టుకున్నాను, చొక్కాలైనా ఇస్త్రీ అవుతాయని" అనేవాడు. అందరూ నవ్వేవారు. ఆవిడా నవ్వేది. నెవిల్ ఎవర్తెనో చూసుకుని టౌన్స్‌విల్ వెళ్ళిపోయాక, నవ్వాల్సిన అవసరం లేదని ఆవిడకి ఒకరోజు హఠాత్తుగా తెలిసింది. ఆ వారమే సర్జనుకి ఫోన్ చేసింది.

"నిన్నటికంటే బరువుగా ఉన్నాయా?" అంది వంటమనిషి లోసా, రొట్టెలు కాలుస్తూ. లోసా సమోవా దీవుల మనిషి. దేన్నైనా పూర్తి గొంతుతోనే అడుగుతుంది.

"మెడ కాస్త లాగుతోంది. వంగితే ముందు అవి వంగుతున్నాయి."

"మావి ఎప్పుడూ అంతే, చెల్లీ. అలవాటు చేసుకో!"

ఆశ్రమం ఆఫీసులో పనిచేసే గ్లెనిస్ అక్క కోరల్ టీ కోసం వచ్చి, తలుపు దగ్గరే ఆగిపోయింది. చెల్లెల్ని కిందికీ పైకీ చూసి గొంతు తగ్గించింది.

"ఇంతలేసా? నీకేమైనా మతిపోయిందా గ్లెన్? చిన్నవే చెప్పు. అప్పుడైతే చేయించుకున్నావని ఎవరికీ తెలీదు."

"ఎవరికీ తెలీకుండా ఉండటానికైతే కోయించుకోవడం దేనికక్కా? చల్లకొచ్చి ముంత దాచడమా?"

"ఈ వయసులో జనం ఏమనుకుంటారే?"

"ఇన్నాళ్ళూ ఏమనుకున్నారో నాకు తెలుసుగా."

అంత మాట అన్నది గానీ గ్లెనిస్‌కి లోపల అంత గట్టితనం లేదు. నిన్న చిన్నవి పెట్టుకున్నప్పుడు ఎవరూ చూడలేదు. హాయిగా ఉంది. ఆ హాయి ఎందుకో చికాకు పెట్టింది కూడా. ఇవాళ అందరూ చూస్తున్నారు. బండి తోస్తుంటే ఆవిడ భుజాలు తెలియకుండానే ముందుకు ముడుచుకుంటున్నాయి.

మధ్యాహ్నం భోజనాల వేళ బయట వాన దంచికొడుతోంది. గొర్రెమాంసం, గుమ్మడికాయ వడ్డించడం అయింది. కస్టర్డ్ ట్రే పైకెత్తబోయి గ్లెనిస్ దాని అంచుని గుండెలకి ఆనించుకుంది. ఎక్కడో సర్రుమంది. ఏమిటో తెలిసేలోపే యూనిఫాం కింద నుంచి బియ్యం జలజలా రాలడం మొదలైంది. నున్నటి నేలమీద గింజలు దొర్లుకుంటూ కుర్చీల కిందికి వెళ్ళిపోయాయి. చెంచాల చప్పుడు ఆగింది.

గ్లెనిస్ ట్రే పెట్టేసి రెండు చేతులూ ఛాతీకి అడ్డం పెట్టుకుని వంగిపోయింది. చెవులు మండిపోతున్నాయి. స్కూలు మెట్ల మీద కూడా ఇలాగే వంగేది.

"ఎవరిదే పెళ్ళి? నన్ను పిలవలేదేం?"

కిటికీ పక్క బల్ల నుంచి ఐరిస్ అంది. తొంభై దాటిన మనిషి. వీపు పూర్తిగా గూనుపడి, ఎవరితో మాట్లాడాలన్నా తల పక్కకి తిప్పి కింద నుంచి చూస్తుంది. ఆ మాటకి హాలంతా గొల్లుమంది. కోరల్ చీపురు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"లోపలికి పో, గ్లెన్. నేను చూసుకుంటాలే. పో!"

"ఎక్కడికీ పోకు," అంది ఐరిస్. "ఇలా రా, పిల్లా. ఆ చేతులు తియ్యి."

గ్లెనిస్ వెళ్ళింది గానీ చేతులు తియ్యలేదు.

"నా వీపు ఇలా ఎందుకుందో తెలుసా? ఎముకలు అరిగాయంటాడు డాక్టరు. వాడి మొహం. నాకు పదమూడో ఏట గుమ్మడికాయలంత వచ్చాయి. మా నాన్న దగ్గర చెరుకు కొట్టే మగాళ్ళు చూస్తారని మా అమ్మ దుప్పటి చింపి బిగించి కట్టేది. పైగా వంగి నడవమనేది. నడిచాను. అమ్మ పోయింది, మగాళ్ళు పోయారు, చెరుకు కొట్టడానికి మిషన్లొచ్చాయి. నేనింకా వంగే ఉన్నాను. నీకు లేవని వంగావు, నాకున్నాయని వంగాను. ఇద్దరం తెలివితక్కువ దద్దమ్మలమే."

"సర్జనుకి ఏ సైజు చెప్పమంటారు, ఐరిస్?"

"నన్నడుగుతావేం? దేనితో వంగకుండా ఉండగలవో అది చెప్పు."

గ్లెనిస్ చేతులు తీసింది. ఒకవైపు నిండుగా, ఒకవైపు గోడ. భుజాలు వెనక్కి విరుచుకుని ట్రే అందుకుంది. కస్టర్డ్ అందరికీ వడ్డించాలి కదా! ఒక్క బల్లా వదలకుండా హాలంతా అలాగే తిరిగింది. బూట్ల కింద బియ్యం పటపటలాడుతున్నా తల దించలేదు.

"ఒకటి పోయిందే, గ్లెన్!" అన్నాడు తలుపు దగ్గర కూర్చునే ముసలాయన.

"వెతుకుతున్నా. దొరికినా మీకు మాత్రం చెప్పను. కస్టర్డ్ కావాలా, వద్దా?"

ఆయన బుద్ధిగా గిన్నె చాచాడు.

ఆవిడ గిన్నెలు కడుగుతుండగా కెయిన్స్ నుంచి నర్సు ఫోన్ వచ్చింది. కోరల్ గుమ్మంలో నిలబడి వేళ్ళతో రెండు చూపించింది, రెండువందల యాభై అని గుర్తుచేస్తూ. గ్లెనిస్ తడిచేతులు తుడుచుకుని అక్క మొహంలోకి సూటిగా చూస్తూ చెప్పింది. "మూడువందల యాభై. ఆఁ, ఖాయమే. లేదు, మళ్ళీ ఆలోచించుకోవక్కర్లేదు."

కోరల్ విసవిసా వెళ్ళిపోయింది. వెళ్తే వెళ్ళింది. గ్లెనిస్‌కి గొంతెత్తి అరవాలన్నంత సంతోషంగా ఉంది. ఈ మాట ముందు ఐరిస్‌కి చెప్పాలి. టీ, రెండు బిస్కెట్లు ట్రేలో పెట్టుకుని వరండాలోకి నడిచింది.

వాన వెలిసింది. ఐరిస్ వెదురు కుర్చీలో తల పక్కకి వాల్చుకుని కూర్చుంది. "చెప్పేశాను, పెద్దదే," అంది గ్లెనిస్. ఐరిస్ ఎప్పటిలా కింద నుంచి చూడలేదు. ట్రే కింద పెట్టి చెయ్యి పట్టుకుంది. ఇంకా పూర్తిగా చల్లబడలేదు. వెళ్ళి డ్యూటీ నర్సుని పిలుచుకొచ్చింది. నర్సు నాడి చూసి, ఐరిస్ కళ్ళు మూసి, డాక్టరుకీ మేనకోడలికీ ఫోన్ చేయడానికి లోపలికి వెళ్ళింది. ఐరిస్‌కి ఉన్నది ఆ మేనకోడలొక్కతే.

అప్పుడు చూసింది గ్లెనిస్. ఐరిస్ ఎడమచేతి గోళ్ళు అయిదూ ఎర్రగా, కొత్తగా నిగనిగలాడుతున్నాయి. కుడిచేతివి బోసిగా ఉన్నాయి. గ్లెనిస్ స్టూలు లాక్కుని కూర్చుని, ఆ కుడిచేతిని తన ఒళ్ళో పెట్టుకుని, పక్క బల్ల మీదున్న గోళ్ళరంగు సీసా అందుకుంది.

"ఇప్పుడు రంగులేమిటే, ఎవరైనా చూస్తే?" అంది కోరల్ వెనక నుంచి, గాభరాగా.

"చూడనీ," అంది గ్లెనిస్. కళ్ళనీళ్ళు బుగ్గల మీదికి కారుతూనే ఉన్నాయి. బొటనవేలితో మొదలుపెట్టి చిటికెనవేలిదాకా, అంచు దాటకుండా వేసింది. ఆరేదాకా ఊదుతూ కూర్చుంది.

చీకటి పడకముందే ఐరిస్‌ని తీసుకెళ్ళిపోయారు. రెండుచేతులూ దుప్పటి పైనే పెట్టించింది గ్లెనిస్. కుర్చీ పక్క బల్ల మీద ఎర్రరంగు సీసా అలాగే ఉంది, దాని మూత ఎవరూ పెట్టలేదు.