ఎర్రదీపం మీద నల్లటేపు

పట్టీ బిగించబోతూ ఆదెయ్య ఆగిపోయాడు. మోకాలి కింద తగిలించుకునే కార్బన్ పాదానికి చీలమండ దగ్గర చిన్న దీపం ఉంది. రోజూ పచ్చగా ఉండేది, ఇవాళ ఎర్రగా వెలుగుతోంది.

పాదాన్ని విప్పి వెలుతురుకు తిప్పి చూశాడు. గీత లేదు, బీట లేదు. వేలి కణుపుతో కొట్టి చెవి ఒగ్గాడు. ఖంగుమంది. తర్లుపాడు పక్కన రాతిపలకల షెడ్డులో ఆ కణుపే అతని కొలత. లోపల పొర విడిన పలక డొల్లగా పలుకుతుంది, గట్టిది ఖంగుమంటుంది.

"ఎర్రగుందేందయ్యా? ఆ పిల్ల ఏం చెప్పింది?" పొయ్యి దగ్గర నుంచి అడిగింది భార్య నాగేంద్రమ్మ.

పాదం ఇచ్చిన రోజు, దాన్ని తయారుచేసిన కాలేజీ నుంచి వచ్చిన స్వర్ణలత విడమరిచి చెప్పింది: "తాతా, దీని నారల్లో సన్నగా కరెంటు పారుతా ఉంటాది. లోపల నారలు తెగితే కరెంటుకు అడ్డం పడి ఎర్రలైటు వెలుగుతాది. అప్పుడు ఏసుకోవాకు, ఫోన్ చెయ్యి. వచ్చి తీసకపోతాం."

'తీసకపోతాం' ఒక్కటే ఆదెయ్య చెవిలో మిగిలింది.

"యాడనో కూచోని వాళ్లే ఎర్రగ చేసుంటారు. అప్పట్ల నా మూడు చక్రాల బండి రిపేరని పట్టకపోయినోళ్లు మళ్ల తెచ్చినారా?"

"ఫోనన్నా చెయ్యి."

"చేసి ఇంట్ల కూచోవాల్నా? నీ చీపురు నాకిచ్చి షెడ్డుకు నువ్వు పోతావా?"

గనిలో బండ పడి కాలు పోయాక అతను ఏళ్లకేళ్లు అరుగు మీదే కూర్చున్నాడు. షెడ్డులోకి మళ్లీ నడిపించింది ఈ పాదమే. టీవీ వైరుకు చుట్టిన నల్లటేపు కొంత పీకి దీపం మీద అంటించాడు.

షెడ్డులో పలకలు తట్టి చూస్తూ ఒకదాన్ని పక్కన పడేశాడు.

"నున్నగుంది గదా మామా, ఎందుకేసినావు?" పేర్చే పావని అడిగింది.

"పైకి నున్నగనే ఉంటాదమ్మా. లోపల ఇడిసింది."

అనేసి తన చీలమండ వైపు చూసుకున్నాడు. టేపు ఊడలేదు. పొద్దుటి నుంచి మడమ కాస్త మెత్తగా ఉన్నట్టుంది. చెప్పు అరిగిందిలే అనుకున్నాడు.

సాయంత్రం పలకల కట్ట ఎత్తుకుని వాలుబాట దిగుతుంటే పాదం కుంగిపోయింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. పావని తిరిగి చూసేసరికి ఆదెయ్య రాళ్ల అంచున తల ఆనించి పడుకున్నట్టున్నాడు. మార్కాపురం ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

మట్టి చేసి వచ్చాక ఎవరో పాదాన్ని గుమ్మం పక్కన పెట్టారు. అచ్చం పలకలాగే పొరలుగా విడిపోయి ఉంది. నాగేంద్రమ్మ టేపు కొస పట్టి లాగింది. కింద ఎర్రదీపం ఇంకా వెలుగుతోంది.