ఫోటో తీసింది జెబ

కన్యకమ్మకు ఫోటోలంటే గిట్టదు. ముందు పన్ను ఊడిపోయినప్పటి నుంచి ఎవరు ఫోన్ ఎత్తినా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. కట్టుడు పన్ను పెట్టించుకోమంటే "నేనేమన్నా పెళ్ళికూతుర్నా?" అని కసిరేది. అందుకే డెబ్బయ్యో పుట్టినరోజుకు మంచి ఫోటో తీయిద్దామని కోడలు వాసంతి అన్నప్పుడు, అది జరిగే పని కాదని ఇంట్లో అందరూ అనుకున్నారు.

"దండేసి గోడకు తగిలించేదానికా?" అంది కన్యకమ్మ, ఫోటోగ్రాఫర్ వచ్చిన రోజున.

"కాదవ్వా, మీ స్నేహితురాళ్ళు చూసి కుళ్ళుకునేదానికి," అంది గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ జెబ.

జెబ తొండియార్‌పేట పిల్ల. చర్చిలో పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తూ పని నేర్చుకుంది. ఆ రోజు వచ్చీ రాగానే కెమెరా బయటికి తీయలేదు. చింతపండు గింజలు తీస్తున్న కన్యకమ్మ పక్కన తనూ చాప మీద కూర్చుని, ఒక ముద్ద అందుకుంది.

"తాతను మొదట చూసినప్పుడు ఏమనుకున్నారవ్వా?"

"ఏమనుకుంటుంది? రాకుమారుడనుకుంది," అన్నాడు కుర్చీలో పేపరు చదువుకుంటున్న ఆమె భర్త నాగలింగం.

"రాకుమారుడంట! పెళ్ళిచూపులకొచ్చి మా గుమ్మానికి తల కొట్టుకున్నాడు. నొప్పి కనపడకూడదని నవ్వతా కూర్చున్నాడు. నుదుటి మీద బొప్పి లేస్తా ఉండాది, ఈయన బొబ్బట్టు తింటా ఉండాడు. ఏమనాల్నో తెలీక మా నాయన ఇంకో బొబ్బట్టు ఏస్తా ఉండాడు!"

అంటూనే రెండు చేతులూ మోకాళ్ళ మీద కొట్టుకుని పగలబడి నవ్వింది. కొంగు ఎప్పుడు జారిందో ఆమెకు తెలియలేదు. జెబ కెమెరా ఎప్పుడు తీసిందో ఎవరూ చూడలేదు.

ఆ ఫోటోలో పన్ను సందు అలాగే ఉంది. ముడతల్లో కళ్ళు మూసుకుపోయాయి. వేళ్ళకు చింతపండు పీచు. అంచున మసగ్గా, పేపరు దించి ఆమెనే చూస్తున్న నాగలింగం. ఆయన దాన్ని చాలాసేపు చూసి "ఈ నవ్వు చూసి ఎన్నాళ్ళయింది కన్యకా," అన్నాడు. కన్యకమ్మ "సర్లే" అంది గానీ ఫోటో తీసేయమనలేదు.

వాసంతి పెట్టిన పాయసం తాగి బయల్దేరుతూ జెబ, వాసంతి కొడుకు వెంకట్రామ్‌తో చెప్పింది. "ఎక్కడన్నా పెడితే కింద నా పేరు కూడా పెట్టు తమ్ముడూ."

"కండిప్పా అక్కా, తప్పకుండా పెడతా," అన్నాడు అతను.

వెంకట్రామ్ తన తాత పప్పుల కొట్లో లెక్కలు చూస్తాడు. ఈమధ్యనే మంచి కెమెరా ఒకటి కొనుక్కున్నాడు. అవ్వ ఫోటో ఇన్‌స్టాలో పెట్టి 'మా అవ్వ' అని మాత్రం రాశాడు. కింద ఇంకో పేరుంటే అందం చెడుతుందేమో, తర్వాత పెడదాంలే అనుకున్నాడు. సాయంత్రానికి బంధువులంతా మొదలుపెట్టారు. వెంకట్, ఎంత బాగా తీసినావురా! కొత్త కెమెరా చేతికి రాగానే కళ వచ్చేసిందే! 'నేను కాదు' అని సగం టైప్ చేశాడు. ఇంతలో ఇంకో మెచ్చుకోలు వచ్చింది. టైప్ చేసింది చెరిపేసి, దండం బొమ్మ ఒకటి పెట్టాడు. అబద్ధమేమీ ఆడలేదు కదా అని సర్దిచెప్పుకున్నాడు.

కోడంబాక్కంలో ఉండే మేనత్త కూతురు ఆశ ఫోన్ చేసింది. "నా నిశ్చితార్థానికి నువ్వే తీయాల వెంకట్. వేరే వాళ్ళను వద్దనేసినా." వెంకట్రామ్ నోరు పెగల్లేదు. ఆశ దాన్ని ఒప్పుకోలు అనుకుంది.

మరుసటి వారం పిలవడానికి వచ్చిన ఆశ, కన్యకమ్మ పక్కన చేరి మురిసిపోతూ చెప్పింది. "నీ ఫోటో తీసినోడే నాకూ తీస్తాడవ్వా."

 ఆశ వెళ్ళాక కన్యకమ్మ మనవణ్ణి పిలిచింది.

"నా ఫోటో నువ్వు తీసినావంటనే?"

"నేననలేదవ్వా. వాళ్ళే అనుకున్నారు."

"కాదని చెప్పినావా?"

వెంకట్రామ్ తల వంచుకున్నాడు.

"సరే, నీ కెమెరా తెచ్చుకో. నాకింకో ఫోటో తియ్యి."

తెచ్చాడు. కిటికీ తెరిచాడు, లైటు వేశాడు, "నవ్వవ్వా" అన్నాడు. కొంగు తనంతట తనే ఆమె నోటికి చేరింది. అతను జోకులు చెప్పాడు, కోతిలా గెంతాడు. అవ్వ నవ్వింది గానీ కొంగు దిగలేదు.

"కావాల్నని చెయ్యలేదురా," అంది కన్యకమ్మ, వాడి తల నిమురుతూ. "నువ్వు నవ్వమంటే నాకు పన్ను గుర్తొస్తాది. ఆ పిల్ల కూర్చుంటే మరిచిపోయినా. మొహం నాదే అయినా, ఆ ఫోటో ఆ పిల్లది."

వెంకట్రామ్ ఆ సాయంత్రమే తొండియార్‌పేట వెళ్ళాడు. జెబ తల్లి పొన్నమ్మ తలుపు తీసింది. అతను ఫలానా అని తెలియగానే "మీ అవ్వ నవ్వు మా వీధంతా చూసింది నాయనా," అని అల్లం టీ పెట్టడానికి లోపలికి పోయింది. ఆ మాటతో అతనికి ఇంకా సిగ్గేసింది.

"తప్పయిపోయింది అక్కా," అన్నాడు జెబతో.

జెబ కోప్పడలేదు. "మొదట సంతోషమే తమ్ముడూ. అంతమంది మెచ్చుకుంటా ఉన్నారు గదా. కింద చూస్తే అందరూ నీ పేరే చెప్తా ఉన్నారు. 'నేను తీసినా' అని రాసి, తుడిపేసినా. పాయసం పెట్టి పంపిన ఇంటితో గొడవెందుకని."

"ఇంకోసారి అడిగుంటే పెట్టేవాణ్ణి అక్కా."

"ఒకసారి అడిగినా గదా."

 పొన్నమ్మ టీ గ్లాసు తెచ్చి వెంకట్రామ్ చేతిలో పెట్టింది.

"నాకు కొట్టు లేదు తమ్ముడూ," అంది జెబ మెల్లగా. "ఫోటో కింద పేరే నా బోర్డు. మీ తాత కొట్టు బోర్డు ఒక్కరోజు దించితే ఊరుకుంటాడా?"

"నన్ను దించుతాడు," అన్నాడు వెంకట్రామ్. జెబకు నవ్వొచ్చింది. అతనూ నవ్వాడు.

అక్కడే కూర్చుని రాశాడు. 'ఈ ఫోటో తీసింది తొండియార్‌పేట జెబ అక్క. నేను కాదు. మొదటి రోజే చెప్పాల్సింది.' నొక్కేటప్పుడు చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత ఆశకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు. 

"అంటే నువ్వు తీయవా?"

"లేదు."

"అమ్మయ్య! నువ్వు పెట్టిన మిగతా ఫోటోలు నిన్ననే చూసినా. అప్పట్నించి నిద్ర లేదు. ముందు ఆమె నంబరియ్యి!"

కోడంబాక్కంలో నిశ్చితార్థానికి జెబే తీసింది. ఉంగరం మార్చుకునేటప్పుడు ఆశ కంగారులో తప్పు వేలు చాచింది. పెళ్ళికొడుకు ఆ వేలు పట్టుకుని నవ్వు ఆపుకుంటున్న ఫోటో ఇంటిల్లిపాదికీ నచ్చింది. ఆశ దాన్ని పెడుతూ మొదటి వరసలోనే జెబ పేరు రాసింది. అది చూసి పెళ్ళికొడుకు పిన్ని మనవరాలి పుట్టినరోజుకు పిలిచింది. రాయపురం నుంచి ఒకరు బాప్తిస్మానికి పిలిచారు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక పొన్నమ్మ చీర మార్చుకోకుండా కూతురి ముందు నిలబడింది. "ఊరందరికీ తీస్తావు. నాకో?"

జెబ తల్లిని మేడ మీదికి తీసుకుపోయి, ఆరేసిన బట్టల మధ్య నిలబెట్టి తీసింది. పొన్నమ్మ ఆ ఫోటో చర్చి ఆడవాళ్ళ గ్రూపులో పెట్టింది. టైప్ చేయడం రాదు కాబట్టి దాని వెనకే వాయిస్ మెసేజ్ పంపింది.

"స్తోత్రం అక్కలారా. ఇది తీసింది నా కూతురు జెబ. జె...బ. నంబరు చెప్తా ఉండాను, రాసుకోండి."

జెబ సిగ్గుతో ఫోన్ లాక్కోబోయింది. పొన్నమ్మ అందకుండా బట్టల చాటుకు పోయి, నంబరు రెండోసారి మొదలుపెట్టింది.