పెట్టె అడుగున ఉత్తరం

బందరు వచ్చాక నేను నేర్చుకున్న మొదటి విద్య కూర్చున్నచోటే కునుకు తీయడం. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి, ఆదివారాలు అటునుంచి అటే చర్చికి వెళ్ళేదాన్ని. ప్రసంగం మొదలవగానే కళ్ళు మూతలుపడేవి. మా ఊళ్ళో అయితే పక్కనున్నవాళ్ళు మోచేత్తో పొడిచి లేపేవారు. ఇక్కడ ఎవరూ పొడవలేదు. పది నెలలుగా నా పక్కన ఓ మనిషి పట్టేంత ఖాళీ ఉంటూనే వచ్చింది. కాళ్ళ నొప్పుల ధ్యాసలో పడి దాన్ని నేను గమనించనేలేదు.

మా క్రైస్తవ సంఘాల్లో ఒక పద్ధతి ఉంది. ఊరు మారేవాళ్ళకు అక్కడి పాస్టరుగారు ఉత్తరం రాసిస్తారు, ఈ మనిషి మంచిది, మీలో చేర్చుకోండి అని. అది ఇచ్చిన రోజున కొత్త ఊరి పుస్తకంలో పేరెక్కుతుంది, పాత ఊరి పుస్తకంలో పేరు కొట్టేస్తారు. నేను అవనిగడ్డ దగ్గర మా ఊరినుంచి బయల్దేరినరోజు జకరయ్య అయ్యగారు అలాంటి ఉత్తరమే కవర్లో పెట్టి అంటించి ఇచ్చారు.

"వెళ్ళగానే ఇచ్చెయ్యమ్మా రత్నకుమారీ. పెట్టెలో పెట్టి మర్చిపోయేవు" అన్నారు.

పెట్టెలోనే పెట్టాను. మర్చిపోలేదు.

మా ఊరి సంఘం పుస్తకంలో ఇంటికో పేజీ. మా పేజీలో నాన్న పేరు, అమ్మ సువార్తమ్మ పేరు, రెండిటి పక్కనా వాళ్ళు పోయిన తేదీలు. మిగిలింది నా పేరొక్కటే. ఈ ఉప్పు నీళ్ళకూ, దోమలకూ, మేట్రన్ గారి కేకలకూ ఏదో ఒకరోజు దణ్ణం పెట్టి వెళ్ళిపోతానని నాకు లోలోపల గట్టి ఆశ. వెళ్ళడానికి అక్కడ ఇల్లు లేదు. పేజీ అయినా ఉండాలి కదా!

ఉత్తరం ఇవ్వనివాళ్ళు ప్రభువు బల్లలో, అంటే క్రీస్తు పేర రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనలో, పాల్గొనకూడదు. అందుకని నెలకోసారి రొట్టె పళ్ళెం నా దాకా వచ్చినప్పుడల్లా తల వంచుకుని పక్కకు అందించేదాన్ని.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, డ్యూటీనుంచి వచ్చి పడుకున్నదాన్ని ఇంటావిడ ఎలీసబెతమ్మగారు తలుపు కొట్టి లేపారు. ఆవిడదీ మా చర్చే.

"అమ్మాయ్, నెలాఖరుకి గది ఖాళీ చెయ్యాలి."

"ఏమైందండీ?"

"నాకు పెళ్ళీడు పిల్లలున్నారు. మీ ఊళ్ళో ఏం జరిగిందో నేనడగను. సంఘం నిన్ను బల్లకి దూరంగా పెట్టిందంటే ఊరికే పెట్టదుగా."

అప్పుడు తెలిసింది ఆ ఖాళీ సంగతి. మాలో తప్పుచేసి శిక్షలో ఉన్నవాళ్ళే పళ్ళేన్ని అలా దాటిస్తారు. మా ఊళ్ళో కృపావరం అనే ఆమె దాటిస్తే నేనూ జరిగి కూర్చున్నాను ఒకప్పుడు. అది గుర్తొచ్చి సిగ్గేసింది, ఆవిడ మీద ఒళ్ళూ మండింది.

"శిక్షా లేదు, పాడూ లేదండీ! ఉత్తరం నా పెట్టెలోనే ఉంది."

"ఉంటే పది నెలలు దాచుకుంటారా ఎవరన్నా?"

పెట్టె అడుగునుంచి కవరు తీసి అప్పటికప్పుడే పాస్టరు రత్నరాజుగారింటికి బయల్దేరాను. ఎలీసబెతమ్మగారు గొడుగేసుకుని వెనకే వచ్చారు, నేను దారిలో పారిపోతానన్నట్టు.

రత్నరాజుగారు వాకిట్లోనే కవరు అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఎప్పటిదమ్మా ఇది?"

"నిరుడు అక్టోబరుదండీ."

"ఆరు నెలలు దాటితే చెల్లదే."

ఇక్కడ పేరు లేదు, గది లేదు, ఇప్పుడు ఉత్తరమూ లేదు. ఏడుపొచ్చింది కానీ ఏడవడానికి ఓపిక లేకపోయింది. ఆయన కవరు చించి చదువుకున్నారు. నాకేసి చూసి, ఈసారి పైకి చదివారు.

"రత్నకుమారి మచ్చలేని బిడ్డ. ఈ ఉత్తరం మీకు వెంటనే ఇవ్వదు. వాళ్ళ పేజీలో మిగిలింది తనొక్కతే. అందుకని నేను తేదీ వెయ్యలేదు. ఇచ్చినరోజున మీరే వేసుకోండి. ఇక్కడ ఆ పేరు కొట్టెయ్యను. బందరులో ఉందని పక్కన రాసుకుంటాను."

ఎలీసబెతమ్మగారు గొడుగు మూసి గోడకు ఆనించారు. రత్నరాజుగారు కలం నా చేతికిచ్చి, "నువ్వే వెయ్యమ్మా" అన్నారు. రోజుకు ముప్పై మంది రోగుల కాగితాల మీద తేదీ వేసే చెయ్యి, ఒక్కటంటే ఒక్క అంకె రాయలేకపోయింది.

"ఇవాళెంతండీ?"

"పదిహేడు" అన్నారు ఎలీసబెతమ్మగారు, మెల్లిగా.

వేశాను. గది ఖాళీ చేసే మాట ఆవిడ మళ్ళీ ఎత్తలేదు, నేనూ అడగలేదు.

సెప్టెంబరు బల్ల ఆదివారం నాడు ప్రసంగం మధ్యలో మామూలుగానే కునుకు పట్టింది. ఉన్నట్టుండి డొక్కలో మోచెయ్యి గట్టిగా తగిలింది. ఉలిక్కిపడి చూస్తే నా పక్కన, ఆ ఖాళీలో, ఎలీసబెతమ్మగారు.

"లే, పళ్ళెం వస్తోంది" అన్నారు.