ఆరో గడిలో ఏముందో అడగకండి

నేను ఒక కాగితాన్ని. ఏ-ఫోర్ సైజు, పాలతెలుపు, రెండు ముఖాలు. రెండు నాలుకల మనుషుల మధ్య రెండు ముఖాలతో బతకడం ఏమంత కష్టమని అనుకున్నాను. తప్పనుకున్నాను.

పుట్టింది సుబాబుల్ తోటలో. చెట్టుకున్నప్పుడు ఆకుని పత్రం అనేవారు, కాగితమయ్యాక కూడా పత్రమే అన్నారు. మధ్యలో మాత్రం నరికారు, ముక్కలు చేశారు, మందునీళ్ళలో ఉడకబెట్టారు, రోలర్ల కింద పడేసి నలిపారు. అంత హింస పెడితే ఎవరి ముఖమైనా తెల్లబోతుంది. నాదీ అలాగే తెల్లబడింది. దానికి మిల్లువాళ్ళు 'నాణ్యత' అని పేరు పెట్టుకున్నారు.

అయిదొందల మందిమి ఒకే కట్టలో విశ్వవిద్యాలయానికి వచ్చాం. నా పైవాడు ప్రశ్నపత్రమయ్యాడు. పరీక్షకు ముందురోజే బయటకు పొక్కి మా వంశానికి పేరు తెచ్చాడు. కిందివాడు సన్మానపత్రమయ్యాడు, అబద్ధాల బరువుకి ఫ్రేము మేకు ఊడిందని విన్నాను. నన్ను మాత్రం విద్యార్థి సహాయ కేంద్రానికి పంపారు. అది సాయం చేసే కేంద్రం కనుక సాయంత్రం నాలుగింటికే మూసేస్తారు.

అక్కడ నా ఒక ముఖం మీద పది గడులు అచ్చేశారు. పైన ఎడమ మూలలో ఒక చిన్న డబ్బా గీసి, అందులో లావుపాటి అక్షరాలతో 'గోప్యం' అన్నారు. రెండో ముఖం ఖాళీ. గర్వంగా ఉండేది నాకు. కాగితాల్లో గోప్యం అంటే పోలీసుల్లో తుపాకి లాంటిది కదా!

ఒకరోజు ఎమ్మెస్సీ బోటనీ ఆఖరి సెమిస్టర్ చదివే అమ్మాయి వచ్చింది. పేరు చెప్పను. రవళి అంటాను, అసలు పేరు అది కాదు. ఆమెకు ఒక జబ్బు ఉంది. నెలకోసారి పట్నం పెద్దాసుపత్రికి పోయి మందులు తెచ్చుకోవాలి. పోయి వచ్చేసరికి మూడు రోజులు. అలా హాజరు అరవై ఎనిమిది శాతానికి దిగిపోయింది. డెబ్బై అయిదు లేనిదే హాల్ టికెట్ ఇవ్వరు. ఈ కేంద్రం రాసిస్తే మినహాయింపు ఇస్తారు. రాసివ్వాలంటే జబ్బు పేరు చెప్పాలి. హాస్టల్లో ఒక్క ప్రాణికి కూడా చెప్పని పేరు అది.

నన్ను చేతిలోకి తీసుకుని వెంటనే రాయలేదు. "మేడం, ఇది ఎవరెవరు చూస్తరు?" అని అడిగింది.

కౌన్సెలరు సుహాసిని మేడం చిన్న వయసుది, కాంట్రాక్టు ఉద్యోగం. "నేను చూస్త. పరీక్షల శాఖల ఒక్క సారు చూసి సంతకం పెడ్తడు. గంతే రవళీ" అంది.

"మరి గా సారు?"

ఆమె కళ్ళతో చూపించింది ఇక్కడే మూలబల్ల దగ్గరున్న సీనియర్ అసిస్టెంటు రాజవీరును. పేరులో రాజూ వీరుడూ ఇద్దరూ ఉన్నా, మనిషి మాత్రం చీమకు దారిచ్చే రకం. ఆయన నవ్వాడు. "నేనా బిడ్డా? ఇరవై రెండేండ్ల సర్వీసుల ఒక్కల కాయితం సదివినోణ్ణి గాదు. నంబరేస్త, ఫైల్ల పెడ్త. అక్షరం మీద కన్నేస్తే ఒట్టు."

అది అక్షరాలా నిజం. అక్షరాలు చూడకపోవడమే ఆయన ఆచారం. కాగితం తలకిందులుగా పట్టుకుని మరీ నంబరు వేసేవాడు. ఊరందరి పిల్లల గుట్లూ తన చేతుల మీదుగా పోతున్నా ఒక్కటీ తలకెక్కించుకోని మనిషి. అలాంటి నిజాయితీ వల్ల కొంప మునుగుతుందని నేను కూడా అనుకోలేదు.

రవళి రాసింది. ఆరో గడిలో జబ్బు పేరు రాసింది. తొమ్మిదో గడి ఇలా అడుగుతుంది: 'పై వివరాలు ఎవరెవరికి తెలియజేయవచ్చు?' ఆమె 'ఎవ్వరికి చెప్పొద్దు' అని రాసి, కింద రెండు గీతలు గీసింది. పెన్ను ఎంత నొక్కిందంటే ఆ గీతలు నా రెండో ముఖం మీద దద్దుల్లా పొంగాయి. వేలితో తడిమితే తెలిసేవి. తడిమినవాళ్ళు లేరు.

ఆ వారమే కేంద్రానికి కాగితరహిత కార్యాలయమయ్యే యోగం పట్టింది. కాగితాలు వద్దని చెప్పడానికి మూడొందల ఆహ్వానపత్రాలు అచ్చేశారు. పెద్దసారు రిబ్బను కత్తిరించాడు, అందరూ కాగితపు కప్పుల్లో టీ తాగారు. మమ్మల్ని ఒక్కొక్కరినీ స్కాను చేసి కంప్యూటర్లోకి ఎక్కించారు. నా బొమ్మకు పదహారక్షరాల పాస్‌వర్డు! మూడుసార్లు తప్పు కొడితే తలుపులు బిగిసిపోతాయి. బొమ్మకు అంత కాపలా పెట్టి, అసలు మనిషినైన నన్ను ప్లాస్టిక్ ట్రేలో పడేశారు.

స్కాను అయిన పత్రాలను చింపేయాలని ఉత్తర్వు ఉంది. చింపే యంత్రం ఇంకా రాలేదు. చేత్తో చింపడానికి రాజవీరుకు మనసొప్పలేదు. "ఒక దిక్కు ముట్టనే ముట్టలే, సింపుడేంది మేడం? చెట్టు ఉసురు తగుల్తది" అన్నాడు. మన ఆఫీసుల్లో ప్రతి ప్రింటరు పక్కనా 'ఒక పక్కవి' అని ఒక ట్రే ఉంటుంది చూడండి, అందులో పెట్టాడు. చదివి ఉంటే పెట్టేవాడు కాదు. చదవనన్న మాట మీద నిలబడ్డాడు కనుక పెట్టాడు.

హాస్టల్లో ప్రింటరు లేదు కనుక రెండో రోజు అమ్మాయిల మెస్సు నోటీసు మా దగ్గరే ప్రింటు తీశారు. ట్రేలోంచి నేను లోపలికి పోయి, వెచ్చగా బయటికొచ్చాను. నా ఖాళీ ముఖం మీద, ఆ దద్దుల మీదుగానే, అక్షరాలు పడ్డాయి: 'సోమవారం నుండి టిఫిన్ వేళలు ఉదయం 7.30 నుండి 9.00 వరకు. ఆలస్యంగా వచ్చినవారికి వడ్డించబడదు.'

మెస్సులో నోటీసు బోర్డు ఉంది కానీ దాని తాళంచెవి పోయి ఏడాదయింది. అందుకని వడ్డించే లచ్చవ్వ నన్ను అద్దం తలుపుకు నాలుగు మూలలా టేపు వేసి అంటించింది. వేళలు బయటివైపు, గడులు లోపలివైపు. ఆమెకు చదువు రాదు. చదవగలిగినవాడు చదవలేదు, అంటించినామెకు చదువు లేదు, చదవకూడనివాళ్ళు ఇక లోపల కూర్చుని ఉప్మా తింటున్నారు.

తలుపు పక్క బల్ల దగ్గర ఇద్దరు. ఒకరు రవళి గదిలోనే ఉండే పుష్పలీల. రెండో అమ్మాయి చెంచా నోట్లో పెట్టుకుని నావైపే చూసింది.

"ఏయ్, నోటీసుకు ఇటు దిక్కు గూడ ఏందో ఉందే."

"ఏముంటది, మొన్నటి మెనూ గావచ్చు."

"కాదే... దరఖాస్తు. మీ రూమ్‌మేట్‌దే!"

"సదువు సదువు. మెల్లగ సదువు."

మెల్లగానే చదివింది. అయిదో గడి దాకా నవ్వుతూ చదివింది. ఆరో గడి దగ్గర చదవడం ఆపి, చెంచా కింద పెట్టింది. పుష్పలీల లేచి వచ్చి తన కళ్ళతో చూసుకుంది.

"నిన్న గూడ దాని డబ్బల మామిడికాయ తొక్కు తిన్ననే!" అంది. ప్లేటు అక్కడే వదిలేసి పోయి చేతులు కడుక్కుంది. వచ్చింది. మళ్ళీ పోయి కడుక్కుంది.

ఒక బల్ల లేచింది, తర్వాత ఇంకో బల్ల. ఒక ఫోను పైకి లేచి నా ముఖాన క్లిక్కుమంది. గుప్తంగా ఉండాల్సింది గుప్పుమంది.

లచ్చవ్వ గరిటె పట్టుకుని బిత్తరపోయింది. "ఏమైందవ్వా అందరికి? ఉప్మల ఏమన్న పడ్డదా?"



అప్పుడు రవళి వచ్చింది. బయట నిలబడి నా ముందువైపు శ్రద్ధగా చదివింది. గడియారం చూసుకుంది, ఎనిమిదీ నలభై. హమ్మయ్య అనుకున్నట్టు తలుపు తోసుకుని లోపలికొచ్చింది. ప్లేటు పట్టుకుని పుష్పలీల పక్కన కూర్చుంది. పుష్పలీల తన ప్లేటును జానెడు దూరం జరిపింది. జానెడే.

రవళి ఆ జానెడు చోటు చూసింది. అందరి చూపులూ ఎటు పోతున్నాయో అటు చూసింది. దూరం నుంచి జబ్బు పేరు కనపడదు. సొంత చేతిరాత మాత్రం కనపడుతుంది.

లేచి వచ్చి నన్ను పీకింది. మూడు టేపులు వచ్చాయి, నాలుగోది రాలేదు. నా పై మూల చిరిగి అద్దానికే ఉండిపోయింది. ఆ మూలన చిన్న డబ్బా ఉంది కదా, అందులో ఒకే ఒక్క మాట. నన్ను తీసుకుని ఆమె వెళ్ళిపోయాక కూడా అద్దం మీద అది అలాగే ఉంది: 'గోప్యం'.

తిన్నగా సహాయ కేంద్రానికి నడిచింది. రాజవీరు బల్ల మీద నన్ను పెట్టింది.

"ఇది మెస్సు నోటీసే గద బిడ్డా?"

"ఎనుకకు తిప్పుండ్రి సార్."

ఆయన తిప్పాడు. గడులు కనపడగానే అలవాటు కొద్దీ మళ్ళీ బోర్లా వేశాడు. "వద్దు బిడ్డా. నేను సదువను."

"అందరు సదివిన్రు సార్. మీరొక్కరే మిగిలిన్రు. సదువుండ్రి."

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ మనిషి ఒక పిల్ల కాగితం చదివాడు. ఆరో గడి దగ్గర కాదు, తొమ్మిదో గడి దగ్గర కళ్ళద్దాలు తీసేశాడు. నా మీద ఒక తడిచుక్క పడింది. సిరా చెరగలేదు. చెరిగితే బాగుండేది.

తర్వాత కమిటీ వేశారు. కమిటీ అంటే 'కం... టీ!' అని పిలుపు. అయిదుగురు సభ్యులు వచ్చారు, టీ కూడా వచ్చింది. గోప్యం ఎలా బయటపడిందో తేల్చాలంటే బయటపడిందేమిటో అందరూ చూడాలి కదా? అయిదుగురికీ అయిదు జిరాక్సులు తీశారు, ఆఫీసు కాపీ ఇంకొకటి. నాకు 'ఒకటో సాక్ష్యం' అని నంబరు పడింది. జిరాక్సు తీసిన మనిషి ఆరో గడి దగ్గర ఆగి, "అబ్బో" అన్నాడు.

రవళిని పిలిచారు. అధ్యక్షులవారు ఎంతో మెత్తగా, "అమ్మా, బయటపడ్డ విషయమేందో నీ నోటితోని ఒకసారి చెప్పాలె. రికార్డు కోసం" అన్నారు.

"మీ చేతుల్నే ఉంది గద సార్" అంది రవళి.

వారు చేతుల్లోకి చూసుకుని, టీ కప్పు దించి, మళ్ళీ చూసుకున్నారు.

నివేదిక తయారైంది. తప్పు తలుపుదని తేలింది. అద్దం మరీ స్వచ్ఛంగా ఉందట. మసక అద్దం బిగించాలని సిఫారసు చేశారు. విచారణ పూర్తయింది. విచారం మాత్రం ఎవరి వాటాకూ రాలేదు.

ఈ లోపల హాల్ టికెట్లకు ఆఖరి రోజు వచ్చింది. మినహాయింపు కావాలంటే అసలు పత్రం తెమ్మంది పరీక్షల శాఖ. అసలు పత్రం నేను. నేను సాక్ష్యాన్ని, బయటికి రాకూడదు. పైగా మూల చిరిగింది. కొత్తది నింపి తెమ్మన్నారు.

సుహాసిని మేడం కొత్త ఫారం తెచ్చి రవళి ముందు పెట్టింది. పక్కనే బల్ల మీద ఫైలులో నేనూ ఉన్నాను. "నింపు రవళీ. ఈసారి ఎవ్వల చేతికియ్య. నేనే పట్టుకపోయి, నేనే మళ్ళ పట్టుకొస్త."

రవళి ఫారం అందుకుని ముందు వెనక్కి తిప్పి చూసింది. వెనకవైపు తెల్లగానే ఉంది. అరచేత్తో తడిమింది. మళ్ళీ ఇటు తిప్పి పెన్ను తీసింది. పేరు రాయలేదు, ఊరు రాయలేదు, ఆరో గడి జోలికి పోలేదు. తిన్నగా తొమ్మిదో గడికి పోయి రెండు మాటలు రాసి, కొంచెం ఆగి మూడోది కలిపింది: 'ఎవ్వరికి చెప్పొద్దు అంటిని.'

"అట్లయితే ఇయ్యరు రవళీ! ఏడాది పోతది."

"పోతే పోనియ్యుండ్రి మేడం. గా ఒక్క మాట మళ్ళ నా చేత్తోని రాయలేను."

మేడం ఆ ఫారాన్నే పట్టుకుని పరీక్షల శాఖకు పరిగెత్తింది, బతిమాలింది, గొంతు పెంచింది. సాయంత్రానికి ఫారం తిరిగొచ్చింది. దాని మీద ఎర్ర ముద్ర: 'అసంపూర్ణం'. రవళి మధ్యాహ్నం బస్సుకే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది.

గది అటక మీద రవళి నాయనమ్మ చేసి పంపిన తొక్కు డబ్బా సగం మిగిలి ఉందట. పుష్పలీల దాన్ని కాగితంతో పట్టుకుని కిటికీలోంచి విసిరేయబోతుంటే లచ్చవ్వ లాక్కుందట. "మంచి తొక్కు సారూ, రోజు అన్నంల ఏసుకుంటున్న" అని రాజవీరుతో చెప్తుంటే విన్నాను. పాపం, చదువు రాని మనిషి.

ఇప్పుడు నేను ఇనప బీరువాలో ఉన్నాను. రెండు తాళాలు. ఊరంతా చూశాక నాకు దొరికిన భద్రత ఇది. ట్రే ఇప్పటికీ ప్రింటరు పక్కనే ఉంది. అయితే రాజవీరు మారాడు. ఇంకో పిల్ల కాగితం పొరపాటున అందులో పడకూడదని, వచ్చిన ప్రతి పత్రాన్నీ మొదటి గడి నుంచి చివరి గడి దాకా చదువుతున్నాడు. బీరువా సందులోంచి నాకు కనపడుతుంది. చదివి, కాసేపు గోడకేసి చూసి, ఇంకోటి తీస్తాడు. ఆ పిల్లలు వచ్చి "మరి గా సారు?" అని అడిగితే ఇప్పుడు ఆయన నవ్వడు. తల దించుకుంటాడు.

నా మీద ఆ అసంపూర్ణం పడుకుని ఉంది. దాని తొమ్మిదో గడి వెనుక పొంగిన దద్దులు నాకు గుచ్చుకుంటుంటాయి.

మీరు ఇంతదూరం నాతో వచ్చారు. ఆరో గడిలో ఏముందో చివర్లోనైనా చెప్తానని చూస్తున్నారు కదూ? పరవాలేదు, మెస్సులో వాళ్ళూ చెడ్డవాళ్ళేం కాదు, అలాగే చూశారు. తాళాలు వేయడానికి నాకు చేతులు లేవు. నోరు ఒక్కటే ఉంది. మూసుకుంటున్నాను.