మన గాడీ

శనివారం పొద్దున్నే జీపు ముందు గొంతుక్కూర్చుని నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చిన దండ కట్టడం ఫణిశ్రీ పని. పెళ్లయి రాయపూర్ వచ్చిన మొదటి శనివారమే అత్తగారు పైడమ్మ చేతిలో సూది పెట్టింది. అంతే.

"ఏటే, కట్టినావా? బేగి కానీ. మన గాడీ మీద అందరి కళ్లూ ఉన్నాయి" అనేది పైడమ్మ అరుగు మీంచి.

ఆ గాడీ వాళ్లది కాదు. ఊరి పక్కనున్న ఒక చిన్న మునిసిపాలిటీది. ఫణిశ్రీ భర్త గిరిధర్ అందులో ఇంజనీరు. పొద్దున అతన్ని ఆఫీసులో దింపి జీపు దేవేంద్ర నగర్‌లోని ఇంటికి వెనక్కొస్తుంది. పైడమ్మను గుడికి తిప్పుతుంది. అభన్‌పూర్‌లో ఆడపడుచు ఇంటికి బియ్యం మోస్తుంది. మిగతా పగలంతా గేటు ముందు నీడన పడుకుంటుంది. డ్రైవరు పరదేశి కూరగాయల సంచులు మోస్తాడు. ఆ జీపు ఎక్కనిది ఇంట్లో ఒక్క ఫణిశ్రీయే. ఆమె ఉద్యోగం కూడా ఆ ఆఫీసులోనే, వాహనాల విభాగంలో. అయినా వంట, డబ్బాలు, దండ అన్నీ అయ్యాక వీధి చివరికి నడిచి, నలుగురి మధ్య ఇరుక్కుని ఆటోలో వెళ్లేది. కొత్తలో ఒకసారి జీపు ఎక్కబోయింది. "ఇద్దరం ఒకే బండిలో దిగితే జనం ఏమనుకుంటారు? నువ్వు ఆటోలో రా" అన్నాడు గిరిధర్. వాళ్లమ్మ గుడి దగ్గర దిగితే ఏమీ అనుకోని జనం, పనికెళ్లే తను దిగితే ఏమనుకుంటారో ఆమెకు అంతుపట్టలేదు. అడగనూ లేదు. ఆటోలో కూర్చుని ఏళ్ల తరబడి ఆలోచించింది.

ఒక ఏడాది ఖర్చు తగ్గించమని పైనుంచి ఆదేశం వచ్చింది. దారి చెప్పమని ఆఫీసు పెద్దసాహెబు ఫణిశ్రీకి అప్పజెప్పాడు. ఆమె సూటిగా రాసింది. డీజిలు తాగే జీపులు అమ్మేయాలి. చిన్న కరెంటు కార్లు కొన్ని చాలు. తనిఖీకి వెళ్లేవాళ్లు తీసుకెళ్లి సాయంత్రానికి ఆఫీసులోనే పెట్టాలి. ఏ బండీ ఎవరి ఇంటి ముందూ ఉండకూడదు.

గిరిధర్‌కు తెలిసింది. "అందరివీ తీసెయ్. మనది మాత్రం ఉంచు. కారణం ఏదో నువ్వే రాయి. నా ఇజ్జత్ ఏం కావాలి?" అన్నాడు, ఆమె వడ్డిస్తుంటే, పళ్లెంలోంచి తలెత్తకుండా.

ఉంచితే ఇంట్లో గొడవ ఉండదు. దండ ఉంటుంది. ఆటో ఉంటుంది. మన గాడీ అనే మాటలో తను లేకపోవడం కూడా అలాగే ఉంటుంది. ఫణిశ్రీ చారు పోసి లోపలికెళ్లింది.

మీటింగులో పెద్దసాహెబు కాగితాలు తిరగేసి, గిరిధర్ జీపు కూడా అందులో ఉండటం చూసి నవ్వాడు. "మేడమ్, గిరిధర్‌జీ గాడీ భీ?"

"జీ సర్. అన్నిటికన్నా ముందు అదే."

గిరిధర్ ఎదురుగానే ఉన్నాడు. కిటికీలోంచి బయటికి చూశాడు.

జీపు వెళ్లిపోయే రోజు పైడమ్మ దానికి బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. "సర్కారుదని తెలుసు గానీ, మనదే అనీసుకున్నానే."

పరదేశి మాత్రం హుషారుగా ఉన్నాడు. "సంచులు మొయ్యక్కర్లేదు అమ్మగారూ. ఇక కరెంటు కారుకి డ్రైవర్నే" అన్నాడు ఫణిశ్రీతో.

తరవాతి శనివారం ఆమె అలవాటుగా నిమ్మకాయ తీసింది. సూది కోసం వెతకబోయి ఆగింది. కాయ కోసి నీళ్లలోకి పిండుకుని, ఉప్పు వేసుకుని, అరుగు మీద కూర్చుని తాపీగా తాగింది. ఎండ ఇంకా ముదరలేదు. ఆ వీధిలో పొద్దున పూట గాలి ఇంత బాగుంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

వీధి చివర ఆటో ఆగింది. ఫణిశ్రీ ఎక్కింది. వెనకే వచ్చిన గిరిధర్, డబ్బా చేత్తో పట్టుకుని, పక్కన కాలు పెట్టబోయాడు.

"ఇద్దరం ఒకే బండిలో దిగితే జనం ఏమనుకుంటారండీ?" అంది ఫణిశ్రీ మెల్లిగా. "మీరు వెనకొచ్చే ఆటోలో రండి. చలో భయ్యా."