స్టైపెండు పిల్ల

సమితి ఆఫీసులో గ్రేసమ్మను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. గుమాస్తాల దగ్గర నుంచి జీపు డ్రైవరు దాకా అందరికీ ఆమె "స్టైపెండు పిల్ల."

గురజాల దగ్గర మిషన్ బడి పంతులు ఏలియా కూతురు ఆమె. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎం.ఏ. చదువుతోంది. పరిపాలన ఎలా నడుస్తుందో కళ్ళారా చూసి నేర్చుకోమని 1963 వేసవిలో యూనివర్సిటీ ఆమెను ఈ పంచాయతీ సమితికి పంపింది. సెలవులన్నాళ్ళూ గవర్నమెంటు స్టైపెండు ఇస్తుంది. చివర సమితి అధికారి అయిన బి.డి.ఓ. సంతకంతో సర్టిఫికెట్టు తీసుకెళ్ళకపోతే మాత్రం డిగ్రీ చేతికి రాదు.

బి.డి.ఓ. త్రికోటేశ్వరరావు మొదటి రోజే ఆమెకు కిటికీ పక్కన కుర్చీ వేయించాడు. "పుస్తకాలు తెచ్చుకున్నావు గదమ్మా, చదువుకో. ఈ ఎండల్లో తిరిగి ఏం చేస్తావు?" అన్నాడు.

ఆమె తిరిగింది. బస్సు వెళ్ళే చోటికి బస్సులో, వెళ్ళని చోటికి నడిచి. అలాగే ఒకనాడు నల్లబండపాలెం చేరింది. అక్కడ సమితి కట్టించిన పురుళ్ళ ఆసుపత్రి బాగా నడుస్తోందని ఆఫీసులో చెప్పారు. నాపరాళ్ళ గోడలు, నున్నటి అరుగు, గుమ్మం మీద రంగు బోర్డు. తలుపుకు తాళం. కిటికీలోంచి తొంగిచూడబోతే మిరపఘాటుకు దగ్గు ముంచుకొచ్చింది. గది నిండా కప్పుదాకా బస్తాలు.

"ఇది కట్టిన కంట్రాక్టరు కాయలమ్మా," అంది ఎదురింటి దేవమ్మ. "మా కోడలికి నొప్పులొస్తే ఈ అరుగు మీదికే మోసుకొచ్చినం. తాళం ఏసుంది. బండి కట్టుకొని గురజాల పోతంటే దోవలోనే పోయింది. బిడ్డా దక్కలా."

గ్రేసమ్మ తాళం పట్టుకుని లాగి చూసింది. "మరి నర్సమ్మ ఏదత్తా? ఈ ఊరికి నర్సును వేశారు గదా?"

"ఏశారు. బీడీవో గారింట్లో ఉంటది. ఆయన తల్లికి పక్షవాతమంట."

మర్నాడు ఆమె ఆ సంగతి అడిగితే త్రికోటేశ్వరరావు తడబడలేదు. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "మా అమ్మ మంచం దిగలేదమ్మా. చూసేవాళ్ళు ఉండొద్దూ?" అన్నాడు. తర్వాత అసలు విషయానికి వచ్చాడు. "శుక్రవారం హైదరాబాదు నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు. సమితినీ చూస్తారు, మీ స్టైపెండు స్కీమునీ చూస్తారు. నల్లబండపాలెం తీసుకెళ్తాం. బస్తాలు తీయిస్తా, నర్సును కూర్చోబెడతా. ఈ కేంద్రం వల్ల పల్లెలో ఆడవాళ్ళకు ఎంత మేలు జరిగిందో నువ్వు ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పు. ఆ పాలెం మీ వాళ్ళదే, నువ్వు ఎం.ఏ. చదువుతున్నావు. నువ్వు చెబితే ఇంక ఎవరూ ప్రశ్న వెయ్యరు."

"ఒక్క రోజుకా సార్?"

"ఏంటి?"

"బస్తాలు తీసేదీ, నర్సును పెట్టేదీ ఒక్క రోజుకేనా? అక్కడ తలుపు తెరుచుకోక నిండు గర్భిణి చచ్చిపోయింది సార్!"

"గొంతు తగ్గించు. సర్టిఫికెట్టు మీద సంతకం నాదని గుర్తుంచుకో."

ఆమె గొంతు తగ్గించలేదు. కుర్చీని వెనక్కి తోసి, తిన్నగా ఆయన ఇంటికి నడిచింది. నర్సు ధనమ్మ పెరట్లో ముసలామె దుప్పట్లు ఉతుకుతోంది.

"అక్కా, నీ ఉద్యోగం ఎక్కడ? నువ్వు చేస్తున్నదేంది?" గ్రేసమ్మ అరిచినంత పని చేసింది. "నువ్వు అక్కడ ఉంటే దేవమ్మ కోడలు బతికేది."

ధనమ్మ దుప్పటిని రాతికేసి బాదింది. "నాకు తెలవదా? ఆ కబురు విన్నరోజు నాకు అన్నం దిగలా. నేను రానంటే నా టెంపరరీ ఉద్యోగం పీకేస్తడు. మొగుడు లేనిదాన్ని, పిల్లల్ని ఏం పెట్టి సాకను? నువ్వు నాలుగు రోజులుండి బస్సెక్కి పోయేదానివి. నామీద ఎగరమాక!"

గ్రేసమ్మకు కోపం ఇంకా పెరిగింది. ధనమ్మ మీద కాదు. ఆ పెరడు మీద, ఆ దుప్పట్ల మీద, తనకు వేసిన కిటికీ పక్క కుర్చీ మీద.

గురువారం పొద్దున బస్తాలు తీయడానికి కంట్రాక్టరు మనుషులు రాకముందే ఆమె నల్లబండపాలెంలో ఉంది. దేవమ్మ గునపం తెచ్చింది. తాళం ఊడింది. పాలెం ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు కట్టుకుని బస్తాలు ఈడ్చి వీధిలో పడేశారు. దగ్గుతూ, తిట్టుకుంటూ, కళ్ళ నీళ్ళు కారుతుంటే గది కడిగారు. కంట్రాక్టరు వచ్చి కేకలు వేశాడు. "మీ కాయలు మీరు పట్టుకుపోండి. ఈ గదిలో మళ్ళీ పెడితే నిప్పెడతా," అంది దేవమ్మ. ఆమె అన్నంత పనీ చేస్తుందని అతనికి తోచినట్టుంది. బండ్లు పిలిపించుకున్నాడు.

శుక్రవారం జీపులు వచ్చాయి. తెల్లచీర కట్టుకున్న ధనమ్మ గుమ్మంలో నిలబడింది. సర్టిఫికెట్టు కోసమైనా చెప్పక మానదన్న ధీమాతో త్రికోటేశ్వరరావు గ్రేసమ్మ వైపు చూసి తల ఊపాడు. ఆమె ముందుకొచ్చి ఇంగ్లీషులోనే చెప్పింది: ఈ గది నిన్నటిదాకా మిరపకాయల గోదాము, నర్సు బి.డి.ఓ. గారింట్లో ఉంది, ఈ అరుగు మీద నుంచి నొప్పులతో వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు.

పెద్దవాళ్ళలో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. ఇంకొకాయన వాచీ చూసుకున్నాడు. "కుర్రతనం, ఆవేశం సార్," అని త్రికోటేశ్వరరావు నవ్వాడు. వాళ్ళూ నవ్వారు. కొబ్బరినీళ్ళు తాగి, గది శుభ్రంగా ఉందని మెచ్చుకుని, నర్సు పేరు అడిగి రాసుకుని జీపెక్కారు. గ్రేసమ్మ పళ్ళు పటపట కొరికింది. కొట్టినా బాగుండేది, నవ్వారు!

"ఎక్కు ధనమ్మా, అమ్మ ఎదురుచూస్తుంటుంది," అన్నాడు త్రికోటేశ్వరరావు.

ధనమ్మ కదల్లేదు. గది లోపల తడి నేల వైపు చూసింది. ఎదురుగా ఏడో నెల కడుపుతో ఒక పిల్ల అరుగు పట్టుకుని నిలబడి ఉంది. "నేను రాను సార్. నా డ్యూటీ ఇక్కడ," అంది. పెద్దవాళ్ళు ముందు జీపులోంచి చూస్తున్నారు. త్రికోటేశ్వరరావు ఒక్కడే ఎక్కాడు.

హైదరాబాదు వాళ్ళు వెళ్ళాక సమితిని మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. నల్లబండపాలెం కేంద్రం, నర్సు ధనమ్మ సేవ ఆదర్శమన్నారు. ఆ మెప్పు బి.డి.ఓ. గారి ఖాతాలోకే పోయింది. అయితే అంత పొగిడించుకున్నాక ఆ నర్సును అక్కడి నుంచి కదపడం ఆయన వల్ల కాలేదు. తల్లి కోసం వేరే మనిషిని పెట్టుకున్నాడు.

గ్రేసమ్మ శిక్షణ మాత్రం ఆ శుక్రవారం సాయంత్రమే రద్దయింది. స్టైపెండు ఆగింది. క్షమాపణ రాసిస్తే సర్దుబాటు చేస్తామని యూనివర్సిటీ కబురంపింది.

"రాసియ్యమ్మా," అన్నాడు ఏలియా. "ఏడాది చదువు పోద్ది. రెండు ముక్కలేగా."

"ఏమని రాయను నాన్నా? చచ్చిపోయిందని చెప్పినందుకు తప్పయిందనా?"

"వాళ్ళు పెద్దోళ్ళు..."

"పెద్దోళ్ళు నవ్వారు నాన్నా! ఆ పిల్ల సంగతి చెబితే నవ్వారు. వాళ్ళకా నేను దణ్ణం పెట్టేది?"

ఆమె రాయలేదు. ఆ ఏడు పోగొట్టుకుని, కొత్తగా దరఖాస్తు పెట్టుకుని, మరుసటి వేసవిలో అదే స్కీములో, అదే స్టైపెండు మీద, ఎడ్లపాడు వైపు ఒక సమితికి వెళ్ళింది. అక్కడి బి.డి.ఓ. లేచి నిలబడి, "రామ్మా, కూర్చో," అంటూ కుర్చీ చూపించాడు.

"కుర్చీ తర్వాత సార్," అంది గ్రేసమ్మ. "ముందు మీ నర్సులు ఎక్కడున్నారో చెప్పండి."