కొత్త పటంలో పాత మాటలు

రేపు ఉదయం పదింటికి ఎమ్మిగనూరు బడిలో మా అమ్మాయి ప్రార్థనకు పరీక్ష. ఎన్నడూ చూడని పేరా ఒకటి చేతికిచ్చి చదవమంటారట. మా ఆయన ప్రాణేశ్‌కు ఆ ఊళ్లో పంతులు ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల ఆదోని వదిలి వెళ్తున్నాం. చదవలేకపోతే రెండో తరగతి పిల్లను మళ్లీ ఒకటిలో కూర్చోబెడతామని ముందే చెప్పారు.

నాకేం బెంగ లేదు. రెండేళ్లుగా రోజూ వైకుంఠపాళి ఆడిస్తున్నాను మరి! పావు ఏ గడిలో పడితే ఆ గడిలోని మాట గట్టిగా చదవాలి. అది మా అత్తగారు భీమాబాయి పెట్టిన నియమం. రాకపోతే ఆవిడ చెబుతుంది, పిల్ల రెండుసార్లు అంటుంది. మంత్రాలయంలో మావాళ్లు పిల్లలకు మంత్రాల సంథ చెప్పేదీ ఇలాగే. ఇప్పుడు ప్రార్థన ఏ గడి దగ్గరా తడుముకోదు. ఇంటికొచ్చిన వాళ్లందరి ముందూ చదివించి మురిసిపోయేదాన్ని, కొంచెం ఎక్కువగానే.

పాత పటం చిరిగిపోతే మొన్న మంత్రాలయం అంగట్లో కొత్తది కొన్నాను. ఇవాళ మధ్యాహ్నం పరిచాం. గవ్వలు వేస్తే పావు పదిహేనో గడికి వచ్చింది.

"అసూయ!" అంది ప్రార్థన.

అక్కడ 'భక్తి' అని ఉంది.

"సరిగ్గా చూసి చెప్పు."

"అసూయనే అమ్మా!"

ఇంకో గడి చూపించాను, ఆ పక్కది చూపించాను. అన్నిటికీ పాత పటంలోని మాటలే చెప్పింది, ఒక్కటీ తప్పకుండా. పిల్ల చదవడం లేదు, అప్పజెబుతోంది.

"యాడ నేర్చినావే ఈ దొంగ చదువు?" అని అరిచాను. నేర్పింది మేమేనని తెలుసు, అయినా నోరు ఆగలేదు. అత్తగారు జపం ఆపి చూసింది.

ప్రార్థన గవ్వలను గుప్పిట్లో బిగించింది. "నాకు చదవను రాదని నాకు తెలుసమ్మా. నీకు తెలిస్తే ఆట ఆపేస్తావని భయమైతాండె."

ఇన్నాళ్లూ నా ముందు కూర్చుని భయపడుతూనే నవ్విందా ఈ పిల్ల? రేపటి పరీక్షకన్నా ఆ మాటకే నాకు ఎక్కువ భయం వేసింది.

"ఆపనులే. వెయ్యి," అన్నాను.

పావు 'దయ' అని రాసున్న గడికి కదిలింది. అత్తగారు మాట అందించబోతే చెయ్యి అడ్డం పెట్టాను. ప్రార్థన అక్షరం మీద వేలు ఆనించింది. పెదవులు కదిలాయి, ఆగిపోయాయి. నాలుక చివరికి వచ్చిన మాటను నేను పళ్ల బిగువున ఆపుకున్నాను.

ఎంతో సేపటికి, నా మొహం చూడకుండా, "ద" అంది.